బొగ్గులో కట్టె కలిపి మండిస్తే పొగలో ఏ లోహం తగ్గుతుంది, ఏది పెరుగుతుంది: ప్రాజెక్టు డైరీ

బొగ్గును పొడి చేసి మండించే 100 కిలోవాట్ల ప్రయోగ కొలిమి, దాని వెనక బ్యాగ్ ఫిల్టర్ (పొగలోని బూడిదను ఆపే గుడ్డ సంచులు). ముందు కట్టె పొడి ఒక్కటే, తర్వాత బొగ్గుతో మిశ్రమం, చివర బొగ్గు ఒక్కటే మండించి, పొగలో పోయే లోహాలను కొలవాలి. నమూనా పట్టే పద్ధతి అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ వారి మెథడ్ 29: పొగను ఫిల్టర్ గుండా, తర్వాత ద్రావణాలున్న సీసాల గుండా లాగి లోహాలను పట్టడం. పాదరసానికి అదనంగా మెథడ్ 30బీ ట్యూబులు, అంటే పాదరసాన్ని పట్టే కార్బన్ రెండు పొరలుగా నింపిన గొట్టాలు. ఇంధనంలో వెళ్లిన లోహం, బూడిదలోనూ పొగలోనూ తేలిన లోహం, ఈ రెంటి లెక్క సరిపోతేనే అంకెలను నమ్మాలన్నది మొదటే పెట్టుకున్న షరతు.

1వ రోజు: ఏ లోహం ఎటు పోతుంది

లోహాలన్నింటికీ ఒకే సమాధానం ఉండదు. మాంగనీసులాంటివి మంటలో పెద్దగా ఆవిరి కావు, అడుగు బూడిదలోనూ ఫ్లై యాష్‌లోనూ (పొగతో ఎగిరే బూడిద) దాదాపు ఒకే గాఢతలో ఉంటాయి. ఆర్సెనిక్, కాడ్మియం, సీసం, జింక్ మంటలో ఆవిరై, పొగ చల్లబడేటప్పుడు సన్న కణాల మీద పేరుకుంటాయి. కణం ఎంత సన్నదైతే గ్రాముకు అంత ఎక్కువ ఉపరితలం, కాబట్టి అంత ఎక్కువ లోహం. పాదరసం చాలా వరకు వాయువుగానే మిగిలిపోతుంది. సెలీనియం కొంత వాయువుగా, కొంత కణాల మీద.

ఇంధనం లెక్క: బొగ్గు కిలోకు 25 మెగాజౌళ్లు, కట్టె 18. వంద కిలోవాట్లకు బొగ్గు గంటకు 14.4 కిలోలు. వేడిలో 20 శాతం కట్టె అంటే బొగ్గు 11.5, కట్టె 4 కిలోలు. బరువులో చూస్తే కట్టె వాటా దాదాపు 26 శాతం. "20 శాతం మిశ్రమం" అని మాత్రమే రాసి, బరువా వేడా చెప్పని రిపోర్టులు పనికిరావు. ఈ డైరీలో శాతం అంటే వేడి ప్రకారమే.

ఆక్సిజన్ 6 శాతం దగ్గర, నీటి ఆవిరి తీసేసి పొడి వాయువుగా లెక్కిస్తే పొగ మెగాజౌల్‌కు సుమారు 0.36 నార్మల్ ఘనపు మీటర్లు (0 డిగ్రీలు, సాధారణ వాతావరణ పీడనం దగ్గర). కిలో బొగ్గుకు 9, కిలో కట్టెకు 6.5. బొగ్గులో పాదరసం కిలోకు 0.1 మిల్లీగ్రాము ఉంటే, అంతా పొగలోకి పోయిందనుకున్నా ఘనపు మీటరుకు 11 మైక్రోగ్రాములు. కట్టెలో 0.01 ఉంటే 1.5. ఇరవై శాతం మిశ్రమానికి 9.2. అంటే 17 శాతం తగ్గుదల. కొలతలో పొరపాటు అంతకన్నా తక్కువ లేకపోతే ఈ తేడా కనబడనే కనబడదు. ప్రాజెక్టులో కష్టమంతా అక్కడే.

2వ రోజు: ఇంధనం నూరడం

నమూనా తీయడం మామూలే: కదిలే బెల్టు మీద నుంచి, పూర్తి వెడల్పులో, విడతలుగా. కుప్ప పైనుంచి తీస్తే సన్నపొడి తక్కువ వస్తుంది. లోహాలు బెరడులోనూ ధూళిలోనూ ఎక్కువ కాబట్టి అంకె కిందికి జారుతుంది.

తప్పు జరిగేది నూరే చోట. కట్టె మెత్తగా, పీచుగా ఉండి బ్లేడును బాగా అరగదీస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ మిల్లులో నూరిన నమూనాలో క్రోమియం, నికెల్ మిల్లువా, కట్టెవా తేల్చలేం. టంగ్‌స్టన్ కార్బైడ్ గిన్నెలో నూరితే కోబాల్ట్ చేరుతుంది. కట్టెకు టైటానియం బ్లేడ్లు, బొగ్గుకు అగేట్ గిన్నె వాడుతున్నాం. ప్రతి నమూనాకు ముందు అదే ఇంధనం ఒక గుప్పెడు నూరి పారేయాలి.

కట్టెను ముందు కాల్చి ఆ బూడిదను విశ్లేషించడం చాలామందికి అలవాటు. లోహాల పనికి అది పనికిరాదు. బయోమాస్ బూడిద శాతం చూసే 550 డిగ్రీల సెల్సియస్ దగ్గరే పాదరసం పూర్తిగా పోతుంది, క్లోరిన్ ఉంటే కాడ్మియం, సీసం కూడా జారుకుంటాయి. బొగ్గుకు వాడే 815 డిగ్రీలైతే చెప్పక్కర్లేదు. ఇంధనాన్ని కాల్చకుండా, మూసిన పాత్రలో మైక్రోవేవ్‌లో ఆమ్లంతో కరిగించాలి.

కొనే పెల్లెట్లకు ఐఎస్‌ఓ 17225-2 హద్దులు ఉన్నాయి. ఏ1 తరగతిలో కిలోకు కాడ్మియం 0.5, సీసం 10, జింక్ 100, పాదరసం 0.1 మిల్లీగ్రాములు మించకూడదు. పాదరసం హద్దు బొగ్గులో సాధారణంగా ఉండేంత ఉందని గమనించండి. సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన పాదరసం తగ్గుతుందని కాదు. పాత కూల్చివేతల కట్టె కలిసిందంటే కథే మారిపోతుంది: రాగి-క్రోమియం-ఆర్సెనిక్ మందు పట్టించిన కలప, సీసం రంగులు. ఆకుపచ్చ ఛాయ, మేకు రంధ్రాలు, రంగు పెచ్చులు కనబడిన లాట్‌ను పక్కన పెట్టేశాం.

4వ రోజు: డక్ట్, నాజిల్

బ్యాగ్ ఫిల్టర్ తర్వాత డక్ట్ లోపలి వ్యాసం 10 సెంటీమీటర్లు, పొగ 150 డిగ్రీలు, వేగం లెక్క ప్రకారం సెకనుకు 7.7 మీటర్లు. ఇంత సన్నటి గొట్టంలో ప్రోబ్ (నమూనా లాగే గొట్టం), పిటో గొట్టం (పొగ వేగం కొలిచేది) ఒకేచోట పెడితే ఒకదాని నీడ మరొకదాని మీద పడుతుంది. అందుకే వేగం కొలిచే రంధ్రం నమూనా రంధ్రానికి 8 వ్యాసాల దూరంలో, అంటే 80 సెంటీమీటర్ల అవతల, ప్రవాహం దిగువన. ఎస్-రకం పిటో వద్దు, ప్రామాణిక పిటో వాడాలి. ఈ వేగానికి పిటోలో వచ్చే పీడనం సుమారు 25 పాస్కల్, నీటిమట్టంలో రెండున్నర మిల్లీమీటర్లు. మామూలు యు-గొట్టంలో అది చదవలేం, వాలు మానోమీటర్ కావాలి.

ప్రోబ్ కొసన ఉండే నాజిల్ క్వార్ట్జ్, 8 మిల్లీమీటర్లు. పొగ వేగానికి సమానంగా లాగితే గంటకు సుమారు 0.83 నార్మల్ ఘనపు మీటర్లు, నిమిషానికి 14 లీటర్ల లోపు. నాజిల్ వ్యాసాన్ని మూడు దిక్కుల్లో కొలవాలి, తేడా 0.1 మిల్లీమీటరు దాటితే ఆ నాజిల్ వద్దు. 0.2 తప్పు కొలిస్తే వైశాల్యంలో 5 శాతం తప్పు. లాగే వేగం పొగ వేగంలో 90 నుంచి 110 శాతం మధ్య ఉండాలన్న హద్దులో సగం అక్కడే ఖర్చయిపోతుంది.

5వ రోజు: గాజుసామాను

వేడి సబ్బు నీళ్లు, మూడుసార్లు కుళాయి నీళ్లు, మూడుసార్లు శుద్ధజలం, 10 శాతం నైట్రిక్ ఆమ్లంలో కనీసం 4 గంటలు నానబెట్టడం, మళ్లీ మూడుసార్లు శుద్ధజలం, చివర అసిటోన్, గాలికి ఆరబెట్టడం. జాయింట్లకు గ్రీజు రాయకూడదు, టెఫ్లాన్ ఓ-రింగులతోనే బిగించాలి.

నమూనా ఫిల్టర్ దాటిన పొగ బుడగలుగా వెళ్లే సీసాల వరుస: మొదటిది ఖాళీ, నీటి కోసం. రెండు, మూడు: 5 శాతం నైట్రిక్ ఆమ్లం, 10 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, ఒక్కో దాంట్లో 100 మిల్లీలీటర్లు. నాలుగు ఖాళీ. ఐదు, ఆరు: 10 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంలో 4 శాతం పొటాషియం పర్మాంగనేట్, 100 చొప్పున. ఏడు: సిలికా జెల్. అన్నీ ఐసులో. నమూనా ఫిల్టర్ పెట్టె 120 డిగ్రీల దగ్గర.

నాలుగో సీసా ఎందుకని అడగడం సహజం. పెరాక్సైడ్ నురగై ముందుకు దూకితే పర్మాంగనేట్‌లో పడి దాన్ని తినేస్తుంది. ఆ ఖాళీ సీసా మధ్యలో కాపలా.

7వ రోజు: మొదటి పరుగు, పది నిమిషాల్లోనే ఆగింది

లెక్క సరిపెట్టడానికి బ్యాగ్ ఫిల్టర్‌కు ముందు కూడా కొలవాలని బొగ్గుతో ఒక ట్రయల్ వేశాం. పది నిమిషాల్లో వాక్యూమ్ గేజ్ ఎక్కిపోయింది, పంపు లాగలేకపోయింది. నమూనా ఫిల్టర్ విప్పితే అట్టకట్టిన బూడిద.

ఇది ముందే లెక్కకు అందాల్సిన విషయం. బొగ్గులో 12 శాతం బూడిద, అందులో 80 శాతం ఎగిరితే, ఘనపు మీటరు పొగలో సుమారు 10.7 గ్రాములు. రెండు గంటల నమూనాలో 18 గ్రాములు. కాగితం మందం ఫిల్టర్ అంత పట్టదు. ఫిల్టర్ ముందు గాజు సైక్లోన్ పెట్టొచ్చు, సమయం తగ్గించొచ్చు. ఇంకో చిక్కు కూడా ఉంది: బూడిదలో కాలని కార్బన్ ఉంటే ఫిల్టర్ మీద కూర్చున్న ఆ పొర మీదుగా పోయే పాదరసాన్ని పట్టేస్తుంది. వాయువుగా ఉన్నది కణంగా ఉన్నట్టు లెక్కలోకొస్తుంది. మొత్తం సరిగ్గానే ఉంటుంది గానీ ఏ రూపంలో ఉందన్నది అబద్ధమవుతుంది.

నిర్ణయం: ముందువైపు కొలత మానేశాం. ఆ భాగం బ్యాగుల కింది తొట్టిలో (హాపర్) పడ్డ బూడిదను తూచి, విశ్లేషించి తేలుస్తాం. గొట్టంలో కొలత బ్యాగ్ ఫిల్టర్ తర్వాతే.

8వ రోజు: ఖాళీ నమూనాలో జింక్

బ్యాగ్ ఫిల్టర్ తర్వాత దుమ్ము చాలా తక్కువ. అక్కడ సమస్య తిరగబడుతుంది, పట్టేది మరీ తక్కువ. ఇంధనంలో కాడ్మియం ఘనపు మీటరుకు 10 మైక్రోగ్రాములకు సరిపడా ఉండి, బ్యాగులు 99.5 శాతం ఆపితే మిగిలేది 0.05. నాలుగు గంటలకు 3.3 ఘనపు మీటర్లు, అంటే మొత్తం 0.17 మైక్రోగ్రాము. ద్రావణాన్ని 100 మిల్లీలీటర్లకు చేర్చితే లీటరుకు 1.7 మైక్రోగ్రాములు. ఐసీపీ-ఎంఎస్‌కు (అణువులను ద్రవ్యరాశి ప్రకారం వేరుచేసి లెక్కించే యంత్రం) ఇది సులువే, బ్లాంక్ (పొగ లేని ఖాళీ నమూనా) బాగుంటే.

బ్లాంక్ బాగాలేదు. సీసాలు నింపి, మెట్లెక్కి, ప్రోబ్‌కు తగిలించి, లీక్ చూసి, పొగ లాగకుండానే దించి కడిగిన ఫీల్డ్ బ్లాంక్‌లో జింక్ ఎక్కువ వచ్చింది. అదే ఆమ్లం ల్యాబ్‌లో శుభ్రంగానే ఉంది. ఒక్కోటీ మార్చి చూస్తే దొరికింది చేతి తొడుగు. రబ్బరు తొడుగుల తయారీలో జింక్ ఆక్సైడ్ వాడతారు, తడి ఆమ్లం తగిలిన వేళ్లతో ఫిల్టర్ అంచు పట్టుకుంటే చాలు. ఇప్పుడు పొడి లేని వినైల్ తొడుగులు, ఫిల్టర్‌కు టెఫ్లాన్ పటకారు. ప్రతి మూడు పరుగులకు ఒక ఫీల్డ్ బ్లాంక్ తప్పనిసరి.

బ్లాంక్‌ను తీసేయడం విషయంలో ఒక మాట. తీసేయొచ్చు, కానీ కొలిచిన దాంట్లో బ్లాంకే సగం ఉంటే ఆ తీసివేతకు అర్థం లేదు. అలాంటి చోట "ఇంతకన్నా తక్కువ" అని రాయడమే నిజాయితీ.

10వ రోజు: నాలుగు గంటల పరుగులు

లీక్ పరీక్ష: నాజిల్ మూసి, 380 మిల్లీమీటర్ల పాదరస వాక్యూమ్ దగ్గర నిమిషానికి 0.57 లీటరు మించకూడదు, లేదా సగటు లాగుడులో 4 శాతం, ఏది తక్కువైతే అది. వాక్యూమ్‌ను ఒక్కసారిగా వదిలితే సీసాల్లో ద్రావణం వెనక్కి తన్ని ఫిల్టర్ తడిసిపోతుంది. ముందు నాజిల్ మూత మెల్లగా తీసి, ఆ తర్వాతే పంపు ఆపాలి.

పొగలో తేమ 8 శాతమైతే నాలుగు గంటల్లో 230 గ్రాముల నీరు దిగుతుంది. మొదటి సీసా ఖాళీగా ఎందుకుండాలో ఇప్పుడు అర్థమవుతుంది. లేకపోతే ఆ నీరంతా పెరాక్సైడ్‌ను పలచన చేస్తుంది.

పెరాక్సైడ్ ఉన్నది లోహాలు పట్టడానికే కాదు, పర్మాంగనేట్‌ను సల్ఫర్ డయాక్సైడ్ నుంచి కాపాడటానికి కూడా. ఒక శాతం గంధకం ఉన్న బొగ్గు ఒక్కటే మండితే పొగలో ఘనపు మీటరుకు 2.2 గ్రాముల సల్ఫర్ డయాక్సైడ్. నాలుగు గంటలకు 7.3 గ్రాములు. దాన్ని పర్మాంగనేటే ఎదుర్కోవాల్సొస్తే 7.2 గ్రాములు కావాలి, రెండు సీసాల్లో ఉన్నది 8 గ్రాములే. పెరాక్సైడ్ అయితే 3.9 గ్రాములు చాలు, సీసాల్లో 20 ఉంది. కానీ పాత డబ్బాలోది అంత ఉండదు. బలం తగ్గిన పెరాక్సైడ్‌తో నడిపిన పరుగులో మూడో గంటకే ఐదో సీసా ఊదారంగు పోయి గోధుమరంగుకు తిరిగింది. ఆరో సీసా కూడా వెలిసిపోయి ఉంటే పాదరసం దాటిపోయినట్టే, పరుగు రద్దు. అప్పటి నుంచి పెరాక్సైడ్‌ను వాడే రోజునే టైట్రేషన్ చేసి చూస్తున్నాం. పర్మాంగనేట్‌ను ఏ రోజుకారోజు కలిపి, వడగట్టి, ముదురు రంగు సీసాలోనే ఉంచుతున్నాం.

కడిగి తీయడంలో క్రమం తప్పితే తిరిగి సరిదిద్దలేం. నాజిల్, ప్రోబ్, ఫిల్టర్ హోల్డర్ ముందు సగం 0.1 నార్మల్ (ఇక్కడ ఆమ్లం గాఢత కొలమానం) నైట్రిక్ ఆమ్లంతో, లోహపు తీగ లేని బ్రష్‌తో, 100 మిల్లీలీటర్లు. మొదటి మూడు సీసాలు మరో 100తో. నాలుగోది విడిగా. పర్మాంగనేట్ సీసాలను తాజా పర్మాంగనేట్ 100తో, తర్వాత నీళ్లు 100తో. అప్పటికీ గాజుకు గోధుమరంగు మరక ఉంటే అది మాంగనీసు డయాక్సైడ్, దానిలో పాదరసం దాక్కుని ఉంటుంది. 8 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 25 మిల్లీలీటర్లతో దాన్ని తీసి, 200 మిల్లీలీటర్ల నీళ్లున్న వేరే సీసాలో పోయాలి. దాన్ని పర్మాంగనేట్‌లో కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది. పర్మాంగనేట్ సీసాల మూతల్లోనూ గాలి పోయే సన్న రంధ్రం ఉండాలి, నిండా నింపకూడదు. ఆమ్లంలో పర్మాంగనేట్ నెమ్మదిగా విడిపోతూ ఆక్సిజన్ వదులుతుంది, బిగించిన సీసా పగులుతుంది.

12వ రోజు: కరిగించడం, కొలవడం

క్వార్ట్జ్ ఫిల్టర్‌ను ముక్కలు చేసి, మూసిన పాత్రలో గాఢ నైట్రిక్ ఆమ్లం 6, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం 4 మిల్లీలీటర్లతో మైక్రోవేవ్‌లో. హైడ్రోఫ్లోరిక్ లేకుండా ఫ్లై యాష్‌లోని సన్న గాజుగోళీలు కరగవు, వాటిలో బిగుసుకున్న క్రోమియం, బేరియం లెక్కలోకి రావు. కాల్షియం గ్లూకోనేట్ జెల్ అందుబాటులో లేకుండా ఆ సీసా మూత తీయకూడదు.

ఐసీపీ-ఎంఎస్‌లో ఆర్సెనిక్‌ను ద్రవ్యరాశి 75 దగ్గర చదువుతాం. ఆర్గాన్ 40, క్లోరిన్ 35 కలిసినా 75నే. క్లోరిన్ ఉన్న ద్రావణంలో లేని ఆర్సెనిక్ కనబడుతుంది. అలాగే ఆర్గాన్, కార్బన్ కలిసి క్రోమియం 52ని, రెండు ఆర్గాన్లు సెలీనియం 80ని పెంచుతాయి. ఇలా అడ్డొచ్చే జంటలను వడగట్టే హీలియం సెల్ మొదటి రెంటికీ సరిపోతుంది, సెలీనియానికి హైడ్రోజన్ మేలు. పాదరసం విడిగా, శీతల ఆవిరి పద్ధతిలో 253.7 నానోమీటర్ల దగ్గర. పర్మాంగనేట్‌ను ముందు హైడ్రాక్సిలమీన్‌తో రంగు పోయేదాకా తగ్గించాకే స్టానస్ క్లోరైడ్.

ప్రతి బ్యాచ్‌తో పాటు, లోహాల అంకెలు ముందే తెలిసిన అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ నమూనాలు 1633సి ఫ్లై యాష్, 1575ఏ పైన్ ఆకుల పొడి కూడా కరిగిస్తున్నాం. ఒకటి బూడిదకు, మరొకటి కట్టెకు సాక్షి.

14వ రోజు: లెక్క సరిపెట్టడం

బ్యాగ్ ఫిల్టర్ తర్వాత ఆక్సిజన్ 7.5 శాతం ఉంటే, 6 శాతానికి మార్చే గుణకం 15 భాగించు 13.5, అంటే 1.11. డక్ట్‌లోకి బయటి గాలి చొరబడితే ఈ సవరణ లేని అంకె మంచిగా కనిపిస్తుంది, అంతే.

వెళ్లింది, వచ్చింది 70 నుంచి 130 శాతం మధ్య కలిస్తే అంగీకరిస్తున్నాం. సీసం, మాంగనీసు లాంటివి కలవడం తేలిక. పాదరసం కలవకపోతే ముందు అనుమానించాల్సింది ద్రావణాలను కాదు, హాపర్ బూడిదను. కార్బన్ ఎక్కువున్న బూడిద పాదరసాన్ని పట్టుకుంటుంది, హాపర్‌లో పై పొర, కింది పొర ఒకేలా ఉండవు. అందుకే 30బీ ట్యూబులు జంటగా పక్కనే పెట్టాం. ఘనపు మీటరుకు 1 మైక్రోగ్రాము దాటిన చోట రెండో పొరలో దొరికింది మొదటి పొరలోదానిలో 10 శాతం మించకూడదు, జంట మధ్య తేడా కూడా 10 శాతం లోపే ఉండాలి. సీసాల పాదరసం, ట్యూబుల పాదరసం ఒప్పుకుంటే తప్పు బూడిదలో ఉందని అర్థం.

కట్టె ఒక్కటే మండిన రోజు బూడిద గురించి ఒక లెక్క. కట్టెలో జింక్ కిలోకు 15 మిల్లీగ్రాములు, బూడిద అర శాతం అయితే, ఆ బూడిదలో కిలోకు 3000. బొగ్గులో 20 ఉండి బూడిద 12 శాతం అయితే 167. ఇంధనంలో తక్కువున్నా బూడిదలో పద్దెనిమిది రెట్లు. "శుభ్రమైన ఇంధనం" అన్న మాట పొగ గురించి అంటున్నారా, బూడిద గురించా అని అడిగి తీరాల్సింది ఇందుకే. మిశ్రమంలో ఇది పలచబడిపోతుంది, బొగ్గు బూడిద పరిమాణంలో కట్టె బూడిదను మింగేస్తుంది.

క్లోరిన్ కథ వేరు. గడ్డి జాతి ఇంధనాల్లో పొటాషియం, క్లోరిన్ రెండూ ఎక్కువ. క్లోరిన్ ఉంటే సీసం, జింక్, కాడ్మియం క్లోరైడ్లుగా తేలిగ్గా ఆవిరవుతాయి. జింక్ క్లోరైడ్ 732 డిగ్రీలకే మరుగుతుంది. సన్న కణాల వైపు లోహం ఇంకా జరుగుతుంది. మరోవైపు బొగ్గులోని గంధకం పొటాషియం క్లోరైడ్‌ను సల్ఫేట్‌గా మార్చి హైడ్రోజన్ క్లోరైడ్‌ను విడుదల చేస్తుంది. అది పాదరసాన్ని ఆక్సీకరిస్తుంది. ఆక్సీకరించిన పాదరసం నీళ్లలో కరుగుతుంది, తడి స్క్రబ్బర్ (పొగను ద్రవంతో కడిగే పరికరం) ఉన్న ప్లాంటులో పట్టుబడుతుంది. స్క్రబ్బర్ లేని చోట ఆ లాభం రాదు. ఒకే మిశ్రమం రెండు ప్లాంట్లలో రెండు రకాల ఫలితాలివ్వడానికి ఇదొక కారణం.

15వ రోజు: పరుగుల క్రమం మళ్లీ

కట్టె, మిశ్రమం, బొగ్గు అనే క్రమం అయ్యాక కట్టె పరుగు మళ్లీ వేస్తే రెండో అంకె మొదటిదానికన్నా ఎక్కువ. గోడల మీదా బ్యాగుల మీదా మిగిలిన బొగ్గు బూడిద నెమ్మదిగా వదులుతోంది. కాబట్టి ఇంధనం మార్చిన ప్రతిసారీ మసి ఊది, హాపర్ ఖాళీ చేసి, కొత్త ఇంధనం మీద 8 గంటలు నడిపాకే నమూనా. గడ్డి జాతి ఇంధనంతో వేసే పరుగులకు బ్యాగులే కొత్తవి బిగిస్తున్నాం. కొత్త బ్యాగు మీద బూడిద పొర కుదురుకునేదాకా సన్న కణాలు దాటిపోతాయి గనుక, పీడన తేడా నిలకడ అయిన తర్వాతే మొదటి సీసా ఐసులో పెట్టాలి.